నగర ప్రణాళికా విద్య ఎవరి సొత్తు?

గత ఉగాదినాడు మన సంఘమువారి పంచాంగ శ్రవణము ముగిసి పులిహోర పొట్లములు పంచుచున్న సమయమున, మా కాలనీ మిత్రుడొకరు నన్ను ప్రక్కకు పిలిచి తన మనసులోని బెంగ చెప్పుకొనెను. ఆయన కుమార్తె భూగోళశాస్త్రమున ఎం.ఏ. పూర్తిచేసినది. ఇక నగర, ప్రాంతీయ ప్రణాళికలో స్నాతకోత్తర విద్య అభ్యసింతునని పట్టుపట్టి కూర్చున్నది. "అది ఇంజనీర్ల చదువు కదండీ! గోడ కట్టడం తెలియని పిల్ల ఊరు కట్టడం ఎలా నేర్చుకుంటుంది? రెండేళ్లు వృథా అవుతాయేమో!" అని ఆయన విచారము.

నేనును ఆర్ట్స్ పట్టభద్రుడనే. చరిత్ర ప్రధానాంశముగా బి.ఏ. చదివి, పరీక్ష వ్రాసి, సెక్రటేరియట్ ఫైళ్ల నడుమ ఇరువది సంవత్సరములు గడిపినవాడను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక కార్యాలయమున నగర భూముల ఫైళ్లు చూచు పని నాకు పడెను. వానిలోని రంగురంగుల పటములు చూచి ముచ్చటపడి, ఈ విద్య నేర్చుకొను దారి ఏదైన కలదా అని పై అధికారి నొకరిని అడిగితిని. "నక్షా గీయడం రానివాడికి నగరంతో పనేమిటయ్యా?" అని ఆయన నవ్వి ఫైలు నా వైపు నెట్టెను. బి.ఏ. మాత్రమే చదివిన నాకు అర్హత నిజముగనే లేదు. కాని ఆయన చెప్పిన కారణము అది కాదు. చెప్పిన కారణము తప్పని తెలిసికొనుటకు నాకు చాల ఏండ్లు పట్టెను. మిత్రునికి ఆనాడు నిలుచున్నపాటున చెప్పలేకపోయిన సమాధానమును ఈ సంచిక మూలమున విన్నవించుచున్నాను.

ఈ విద్య విశ్వవిద్యాలయమున అడుగిడిన కథ కొంత వినోదకరమైనది. సన్‌లైటు, లైఫ్‌బాయ్ సబ్బుల పేరు వినని ఇల్లు మనలో ఉండదు. ఆ సబ్బుల వ్యాపారి విలియం లీవరు. 1906లో కొన్ని ఇంగ్లండు పత్రికలు ఆయన వ్యాపారమును తీవ్రముగా దూషింపగా, ఆయన పరువునష్టపు దావా వేసి గెలిచి పెద్ద మొత్తము పరిహారముగా పొందెను. ఆ ధనమును లివర్‌పూల్ విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. దాని ఫలితముగా 1909లో అచ్చట 'సివిక్ డిజైన్' శాఖ ఏర్పడెను. నగర ప్రణాళికకై విశ్వవిద్యాలయములలో వెలసిన మొదటి శాఖ ఇదియే యందురు. లీవరు అంతకుముందే, 1888 నుండి, తన కార్మికుల కొరకు పోర్ట్ సన్‌లైట్ అను ఊరును కట్టించుచుండినవాడు. కావున ఈ దానము వట్టి మోజు కాదు. అదే సంవత్సరము బ్రిటిష్ పార్లమెంటు గృహ, పట్టణ ప్రణాళికల చట్టమును ఆమోదించెను. మరుసటి ఏట ఆ శాఖ 'టౌన్ ప్లానింగ్ రివ్యూ' అను పత్రికను వెలువరింప నారంభించెను.

మొదటి ఆచార్యుడు ఆడ్‌షెడ్, ఆయన తరువాతివాడు ఆబర్‌క్రాంబీ, ఇరువురును వాస్తుశిల్పులే. 'సివిక్ డిజైన్' అను పేరులోనే వారి తలంపు తెలియుచున్నది. నగరమనగా ఒక పెద్ద భవనము వంటిది. దానిని అందముగా, పొందికగా గీయుటయే విద్య. వీథులు తీర్చుట, చౌకములు అమర్చుట, తోటలు వేయుట పాఠములో ముఖ్యభాగములు. నా పై అధికారి మాటకు మూలము ఇచ్చటనే ఉన్నదని నాకు తోచును. అర్ధశతాబ్దము దాటినను ఆ నవ్వు మాత్రము ఆరలేదు.

దీనికి మొదటినుండియు అడ్డు చెప్పినవాడు స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెస్. ఆయన వాస్తుశిల్పి కాడు, ఇంజనీరును కాడు. జీవశాస్త్రజ్ఞుడు, డండీలో వృక్షశాస్త్రాచార్యుడు. చిత్రమేమనగా, ఆచార్యపదవి నలంకరించిన ఈ మహానుభావునికి తనకంటూ ఒక విశ్వవిద్యాలయ పట్టా లేదు. అర్హతల గడులు నింపి జీవించు మావంటివారికి ఇది తలచుకొన్నప్పుడెల్ల కొంత ఊరట.

1914లో మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై గెడ్డెస్ తన నగర ప్రదర్శనమును వెంటబెట్టుకొని మన దేశమునకు బయలుదేరెను. పటములు, చిత్రములు అన్నియు 'క్లాన్ గ్రాంట్' అను వేరొక ఓడలో వచ్చుచుండెను. మద్రాసుపై గుండ్లు కురిపించి మన పెద్దలను హడలెత్తించిన జర్మను నౌక ఎమ్డెన్ ఆ ఓడను సముద్రములో ముంచివేసెను. ఏండ్ల తరబడి కూర్చినదంతయు నీటిపాలయ్యెను. ఇంగ్లండులోని మిత్రులు హడావుడిగా మరల కొన్ని పటములు సేకరించి పంపగా, 1915లో మద్రాసులో ప్రదర్శనము జరిగినది.

ఆ పిమ్మట ఆయన దక్షిణాది పట్టణములు తిరిగి నివేదికలు వ్రాసెను. ఆనాటి మునిసిపల్ ఇంజనీర్ల పద్ధతి ఒకటే: ఇరుకు పేట కనబడినచో, పటముమీద రూళ్లకర్ర పెట్టి ఒక గీత గీయుట, ఆ గీతకు అడ్డము వచ్చిన ఇండ్లన్నియు కూల్చుట. గెడ్డెస్ మాత్రము సందుసందు కాలినడకన తిరిగెను. ఏ ఇల్లు ఇంకను గట్టిగా ఉన్నది, ఏది పాడుపడి ఖాళీగా ఉన్నది, ఏ చెట్టు క్రింద ఆడువారు కూర్చుందురు, ఏ బావి పూడినది అని చూచెను. ఒకటి రెండు పాడిండ్లు తొలగించినచో గాలి, వెలుతురు వచ్చునట్లును, మిగిలిన కాపురములు చెదరకుండునట్లును సూచనలు చేసెను. వైద్యుని పరిభాషలో దానికి 'రక్షక శస్త్రచికిత్స' అని పేరుపెట్టెను. చికిత్సకు ముందు రోగ నిర్ణయము, రోగ నిర్ణయమునకు ముందు నాడి పట్టుట: అనగా ప్రణాళికకు ముందు సర్వే. నేటికిని ఈ విద్య చదువువారు మొదట వల్లించు సూత్రమిది.

ఇందూరులో ఆయన చేసిన పని చెప్పక విడువలేను. 1917-18 ప్రాంతమున ఆ నగరము ప్లేగుతో బాధపడుచుండెను. ఎన్ని తాఖీదులు అతికించినను పరిశుభ్రత కుదరలేదు. గెడ్డెస్ హోల్కరు మహారాజు అనుమతి పొంది దీపావళి ఊరేగింపు తన చేతికి తీసికొనెను. ఊరేగింపు ఏ వీథుల గుండ పోవునో ముందు చెప్పలేదు. ఎవరి వీథి అన్నిటికంటె శుభ్రముగా ఉండునో ఆ వీథికే వచ్చునని చాటించెను. ఇక చూడుడు! ఊరంతయు చెత్త ఎత్తిపోయుటలో మునిగినది. పండుగనాడు ఏనుగులు, గుఱ్ఱముల వెనుక మురికి రాక్షసుడు, ప్లేగు ఎలుక బొమ్మలు నడిచినవి; కడపట వానిని దగ్ధము చేసిరి. ఆ ఊరేగింపులో పారిశుద్ధ్యపు పనివారు తెల్లని బట్టలు కట్టి, చీపుళ్లకు పూలు చుట్టి గౌరవముతో నడిచిరి. ఆ వెనుక నగరలక్ష్మి వంటి ఒక క్రొత్త దేవత రథమెక్కి వచ్చెను. రావణ దహనము చూచు జనము మధ్య నిలిచినవానికి గాని ఇట్టి ఉపాయము తోచదు. ఇది ఏ డ్రాయింగు బల్లమీద గీసిన పటము? అయినను నగర ప్రణాళికయే.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయము సమాజశాస్త్ర, పౌరశాస్త్ర శాఖను నెలకొల్పి గెడ్డెస్‌ను ఆచార్యునిగా నియమించెను. మన దేశమున నగరమును స్నాతకోత్తర స్థాయిలో చదువదగిన విషయముగా చేసిన తొలి ప్రయత్నములలో ఇది ముఖ్యము. గమనింపవలసినదేమనగా, ఆ విద్య ఇచ్చట ఇంజనీరింగు కళాశాలలో పుట్టలేదు. సమాజశాస్త్రపు గదిలో పుట్టినది. స్థలము, వృత్తి, జనము అను మూడింటిని కలిపి చదువవలెనని ఆయన బోధన. కొండ కొన నుండి సముద్రము వరకు ఒక నదీలోయను నిలువుగా కోసి చూచినచో, పైన కట్టెలు కొట్టువాడు, వేటగాడు, క్రింద గొఱ్ఱెల కాపరి, రైతు, కడపట జాలరి కనబడుదురనియు, పట్టణమనునది వీరందరి శ్రమ కలిసిన చోట పుట్టుననియు చెప్పుచుండెడివాడు. దీనిని మనవారికి వివరింప వేరు ఉదాహరణ మేల? 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు పారి, పడవలు నడిచి, డెల్టాలోని సంతలు, రేవులు రూపు మారినవి. కాకినాడను గోదావరి విడిచి చదువుట సాధ్యమా? 'ప్రాంతీయ' అను విశేషణమునకు అర్థమిదియే. ఊరి పొలిమేరతో ఊరు ముగియదు.

గెడ్డెస్ ఆరోగ్యము చెడి 1924లో బొంబాయి విడిచెను. ఆయన ప్రోత్సాహముతో విదేశమునకు పోయి చదివి వచ్చిన ఘుర్యే పండితుడు ఆ శాఖ బాధ్యత స్వీకరించెను. కులము, వంశము, సంస్కృతి వంటి విషయములలో ఆ శాఖ గొప్ప పేరు పొందెను గాని, నగరము వెనుకబడెను. గురువు నాటిన రెండు మొక్కలలో ఒకటి మహావృక్షమైనది, రెండవది వాడినది.

విద్య వాడినను చట్టములు మాత్రము వచ్చినవి. బొంబాయిలో 1915లోను, మద్రాసు రాజధానిలో 1920లోను పట్టణ ప్రణాళికా చట్టములు చేయబడినవి. ఆ రెండవది నాటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకును వర్తించెను. హైదరాబాదు కథ వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొనెను. విశ్వేశ్వరయ్యగారి సలహాల ననుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు కట్టబడినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు పేటలను, వీథులను బాగుచేయ పూనుకొనెను. ఆ హైదరాబాదు వాతావరణమున ఎదిగిన వాస్తుశిల్పి, నగర ప్రణాళికాకారుడు మహమ్మద్ ఫయాజుద్దీన్. 1951లో గుప్పెడుమంది నిపుణులు కలిసి భారత పట్టణ ప్రణాళికాకారుల సంస్థను స్థాపించినపుడు వారికి నాయకత్వము వహించినవారాయనయే. హైదరాబాదు రవీంద్రభారతిలో నాటకము చూచిన మనవారిలో ఎందరికి ఆ భవన రూపకర్త ఆయనయే యని తెలియును?

ఇక అసలు ప్రశ్నకు వత్తును. వాస్తుశిల్పి కానివాడు, ఇంజనీరు కానివాడు ఈ చదువునకు అర్హుడగునా? ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొని తీర్పు చెప్పినది 1950 నాటి ఒక బ్రిటిష్ సంఘము. దాని అధ్యక్షుడు సర్ జార్జి షూస్టర్. ఈ పేరు ఢిల్లీకి క్రొత్తది కాదు. 1928 నుండి 1934 వరకు వైస్రాయి కౌన్సిలులో ఆర్థిక సభ్యుడాయన. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర దత్తు కేంద్ర శాసనసభలో బాంబులు వేసినపుడు ప్రభుత్వ పక్షపు బల్లల చెంత నుండి స్వల్పముగా గాయపడినవారిలో ఆయన ఒకడు. పాత పార్లమెంటు భవనము ముందుగా నడచునపుడెల్ల నాకు ఈ సంగతి స్ఫురించును.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఇంగ్లండులో 1947 చట్టము వచ్చి దేశమంతటికి ప్రణాళికాకారులు కావలసివచ్చిరి. వీరికి ఏ అర్హత ఉండవలెనో తేల్చుమని షూస్టర్ సంఘమును నియమించిరి. వాస్తుశిల్పులు, ఇంజనీర్లు, సర్వేయర్లు ఇది తమ హక్కు అనుకొనుచుండిరి. సంఘము అట్లు తలంపలేదు. ప్రణాళిక ప్రధానముగా సామాజిక, ఆర్థిక కార్యమనియు, కట్టడపు నైపుణ్యము దానికి హద్దులు చూపునే గాని అదియే సర్వస్వము కాదనియు, భూగోళము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము వంటివి చదివిన పట్టభద్రులు సయితము తరువాత స్నాతకోత్తర శిక్షణ పొంది ప్రణాళికాకారులు కావచ్చుననియు అభిప్రాయపడెను. ఈ విద్యను స్నాతకోత్తర విద్యగా చూచుటలోని అంతరార్థమిదియే. వేర్వేరు దారుల వచ్చినవారు ఒక కూడలిలో కలియవలెను. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయము 1947లోనే సామాజిక శాస్త్రముల ఒడిలో ఒక ప్రణాళికా పాఠశాల తెరచినది. 1956లో అది మూతపడినను దాని శిష్యులు ఆ దృష్టిని ఇతర విశ్వవిద్యాలయములకు తీసికొనిపోయిరి.

మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిననాటికి అవసరము తలుపు తట్టుచుండెను. ఢిల్లీ సంగతియే చూడుడు. 1941లో 9 లక్షల 18 వేలుగా నున్న జనాభా, దేశ విభజన తరువాత శరణార్థుల రాకతో 1951 నాటికి 17 లక్షల 44 వేలయ్యెను. 1955 చివర నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు యమునలో ఎగువకు ఎగదన్ని వజీరాబాదు వద్ద త్రాగునీరు తోడు చోట కలిసెను. నెల తిరుగునప్పటికి నగరము పచ్చకామెర్ల పాలయ్యెను. రోగుల సంఖ్య సుమారు 29,300 అని తరువాత అంచనా కట్టిరి. నది ఎటు జరిగినది, మురుగు ఎటు పోవుచున్నది, జనము ఎచ్చట పెరుగుచున్నది అను మూడు ప్రశ్నలను మూడు కార్యాలయములు మూడు ఫైళ్లలో చూచినచో ఏమగునో ఆ శీతకాలము చూపినది.

అదే 1955లో ఢిల్లీలో స్కూల్ ఆఫ్ టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ స్థాపితమయ్యెను. 1959లో ఢిల్లీ పాలిటెక్నిక్కులోని వాస్తుశాఖ దానితో కలిసి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయ్యెను. ఐ.టి.ఓ. ప్రక్కన ఇంద్రప్రస్థ ఎస్టేటులో, మనలో పలువురు బస్సు మారు చోటనే ఉన్నది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోను 1950ల దశకముననే ఈ విద్యకు చోటు లభించెను. కాలక్రమమున భూగోళము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రములలో ఎం.ఏ. పొందినవారికిని ఈ పాఠశాలల ద్వారములు తెరచుకొన్నవి.

రెండేండ్లలో నేర్పునదేమి? జనాభా లెక్కలు, భూమి చట్టములు, రాకపోకలు, నీరు, గృహవసతి, మునిసిపాలిటీల ఆదాయ వ్యయములు. వీనికంటె ముఖ్యము 'స్టూడియో' అని వారు పిలుచు పని. ఒక జట్టుగా ఏదో ఒక పట్టణమునకు పోయి, ఇంటింట అడిగి, వీథులలో బండ్లు లెక్కించి, ఏ నేల ఏ వాడుకలో ఉన్నదో పటముపై రంగులు వేయుదురు. నివాసములకు పసుపు, పరిశ్రమలకు ఊదా, తోటలకు ఆకుపచ్చ. వాస్తుశిల్పి, ఇంజనీరు, అర్థశాస్త్రి ఒక బల్లచుట్టు కూర్చుండి వాదులాడుకొనుటయే ఆ పాఠము. ఆర్ట్స్ వారికి మొదటి ఆరు మాసములు గీతల కష్టము తప్పదు. ఇంజనీర్లకు జనముతో మాటలాడు కష్టము తప్పదు. రెండవదియే ఎక్కువ కష్టమని నా అనుమానము.

పటముపై పసుపు రంగు పూసినంత మాత్రమున కాపురము నిలువదు. ఆ రంగు మార్చినంత మాత్రమున లేచిపోదు. ఢిల్లీ తొలి మాస్టర్ ప్లాను 1962లో అమలులోనికి వచ్చెను. చక్కని పటమే. కాని 1976లో తుర్క్‌మాన్ గేటు వద్ద ఇండ్లపై బుల్డోజరులు నడచినపుడు, సందుసందు కాలినడకన తిరిగిన ఆ వృద్ధుడు ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

ఆ తరువాతి చరిత్ర మనవారికి దగ్గరిది. ఢిల్లీ పాఠశాల 1979లో విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా పొందెను. 2008లో విజయవాడలోను, భోపాలులోను అట్టివే రెండు పాఠశాలలు వెలసినవి. 2014 చట్టముతో మూడింటికిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థలను గుర్తింపు లభించెను. చదువునకు చోటు దొరకినది, చదివినవారికి పదవులు? నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారము రాష్ట్రముల ప్రణాళికా శాఖలలో మంజూరైన ప్రణాళికాకారుల పదవులు 3,945. వానిలో 42 శాతము ఖాళీగా ఉండెను. కొన్ని రాష్ట్రములలో ఆ పదవికి ప్రణాళికా విద్య తప్పనిసరి అర్హతయే కాదని అందులో చదివి, ఫైలు నా వైపు నెట్టిన ఆ చేయి మరల నా కన్నులకు కట్టెను. మిత్రుని బెంగలో ఈ భాగము మాత్రము నిష్కారణమని నేను చెప్పజాలను. పోస్టు మంజూరు చేయుట ఒక పని, నింపుట వేరొక పని యని ఇరువదేండ్లుగా ఆ నోట్లు వ్రాయు నాకంటె ఎవరికి తెలియును?

ఈ లోపున ఆ అమ్మాయి తండ్రిని ఒప్పించి చేరనే చేరినది. మొన్న ఒక ఆదివారము ఉదయము చేతిలో అట్ట, దానికి తగిలించిన కాగితములతో మా క్వార్టరు తలుపు తట్టినది. మా కాలనీనే వారి జట్టు సర్వేకు ఎంచుకొన్నదట. ఇంటిలో ఎందరు, నీళ్లు ఎన్ని గంటలకు వచ్చును, ఆఫీసునకు ఎట్లు పోవుదురు అని వరుసగా అడిగినది. అన్నిటికి దర్జాగా సమాధానములు చెప్పితిని. అటుపై, "బాబాయిగారూ, మీ ఇంటి వాడకం నీరు ఏ కాలువలో కలుస్తుంది?" అని అడిగినది.

పదునొకండేండ్లుగా ఆ ఇంట ఉన్నాను. నాకు తెలియలేదు. ప్రక్క క్వార్టరు మిత్రుని పిలిచితిని. ఆయన ప్రజాపనుల లెక్కలు చూచువాడు, ఆయనకును తెలియలేదు. కట్టడముల గుమాస్తాకు ఫోను చేయగా సోమవారము ఫైలు చూచి చెప్పుదుననెను. అంతలో మా వీథి ఊడ్చు వృద్ధుడు గేటు వద్దకు వచ్చి, మేము ముగ్గురము నేలవంక చూచుచుండుట గమనించి సంగతి అడిగెను. అమ్మాయి హిందీలో చెప్పినది. అతడు నవ్వలేదు. చీపురు కఱ్ఱ త్రిప్పి, వేపచెట్టు ప్రక్క నున్న ఇనుప మూత, పార్కు గోడ మూల, దాని వెనుక రోడ్డు దాటి పోవు తూము ఒక్కొక్కటే చూపుచు ముందు నడిచెను. అమ్మాయి కాగితముపై గీత గీయుచు అతని వెంట పోయినది. నేను చెప్పులు తొడుగుకొని వారి వెనుక బయలుదేరితిని.